కూర్మయ్య గొంతు

పోయిన వారం మనం విశాలిని విజయనగరంలో ఒక ఫంక్షన్ హాలు గుమ్మంలో వదిలిపెట్టాం. ఆమె పక్కన పొందూరు నుంచి తెల్లారగట్ల బయల్దేరదీసి కారులో తీసుకొచ్చిన నూలు వడికే డెబ్బై నాలుగేళ్ళ దాలమ్మ ఉంది. లోపల 'తొలిపోగు' అనే బట్టల కంపెనీ కొత్త చీరల విడుదల సభకు కుర్చీలు నిండుతున్నాయి. కంపెనీ యజమాని, డిజైనర్ పృథ్వీరాజ్‌కు విశాలి అంటే విశాఖపట్నంలోని తన స్టూడియోలో ఎనిమిది నెలలుగా నమ్మకంగా పనిచేస్తున్న అమ్మాయి. ఆమె పొందూరు నేతగాడు కూర్మయ్య కూతురని అతనికి తెలియదు.

కూర్మయ్యకు జరిగింది మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట అతను పృథ్వీరాజ్‌కు నేసిచ్చిన ఖద్దరులో మిల్లు నూలు కలిసిందని ఒక కొనుగోలుదారు గొడవ చేశాడు. పృథ్వీరాజ్ కూర్మయ్య ఫొటో పెట్టి, మమ్మల్ని మోసం చేసింది ఈ మనిషేనని రాసి, అందరి ఫోన్లలోకీ వదిలాడు. ఆ తర్వాత పొందూరులో కూర్మయ్యకు నూలిచ్చేవాళ్ళు లేకపోయారు. మగ్గం ఆగిపోయింది. ఏడాది తిరిగేసరికి మనిషి కూడా పోయాడు. అప్పుడు విశాలి గుజరాత్‌లో బట్టల డిజైను చదువుతోంది. తండ్రి ఫోనులో ఆమెకు ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. అంత్యక్రియలకు వచ్చిన రోజున పక్కింటివాళ్ళ ఫోనులో ఆ ఫొటో, దాని కింద నాలుగు వందల తిట్లు చదివింది. చదువు పూర్తయ్యాక తిన్నగా పృథ్వీరాజ్ స్టూడియోకే వెళ్ళి ఉద్యోగం అడిగింది.

ఇవాళ్టి సభ కార్యక్రమం ఏ నిమిషానికి ఏది అన్న కాగితం రాసింది విశాలే. సభ హైదరాబాదులో కాదు, విజయనగరంలో పెడితే నేసేవాళ్ళ ఊళ్ళకు దగ్గరగా ఉంటుంది, అదే కొత్తగా కనిపిస్తుంది అని పృథ్వీరాజ్‌ను ఒప్పించింది తనే. మొత్తం లైవ్‌లో వెళ్ళాలన్నదీ తనే. వేదిక మీద నిజంగా నూలు వడికే ముసలమ్మను కూర్చోబెడదామంటే పృథ్వీరాజ్ ఎగిరి గంతేశాడు.

"ఇంతమంది ఏటే అమ్మీ, పెళ్ళా?" అంది దాలమ్మ లోపలికి చూసి.

"పెళ్ళి కాదు పెద్దమ్మా. సీరలు సూపిస్తారు. నువ్వు రాట్నం తిప్పితే సాలు. ఏదైనా అడిగితే నీకు తెలిసింది సెప్పు."

"తెలిసిందే సెప్తాను గాని తెల్నిది నానెక్కడ సెప్తాను."

విశాలి నవ్వలేదు. ఆ ముసలమ్మకు వీడియో సంగతి చెప్పలేదు, చీరల సంగతీ చెప్పలేదు. చెబితే రాదు. వచ్చినా వేదిక ఎక్కాక ముఖంలో తెలిసిపోతుంది. ఏమీ తెలియకుండా ఆ వేళ్ళు చీరను తాకాలి. విశాలికి కావలసింది అంతే.

పదకొండయ్యేసరికి హాలు నిండింది. ముడతలు పడ్డ లినెన్ చొక్కాలు, ముతక చీరల కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, చెవులకు కొబ్బరి చిప్పతో చేసిన దిద్దులు. రీల్స్ చేసే అమ్మాయిలు ముందు వరుసలోనే ఫోన్లు కర్రలకు బిగించుకున్నారు. హైదరాబాదు, బెంగుళూరుల్లో నాలుగు పెద్ద చీరల దుకాణాలున్న లక్ష్మీకామేశ్వరి మధ్య కుర్చీలో కూర్చుంది. ఆవిడ సరేనంటే మిగతా దుకాణాలు కూడా సరేనంటాయని అందరికీ తెలుసు. పొందూరు నుంచి విశాలి రప్పించిన పదిమంది నేతగాళ్ళు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. కూర్మయ్యకు నూలు ఇవ్వనన్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు రావాలనే విశాలి వాళ్ళ ఇళ్ళకు స్వయంగా వెళ్ళి పిలిచింది.

దాలమ్మ వేదిక మీద చాప పరుచుకుని కూర్చుంది. వాలుగ చేప దవడ ఎముక తీసి దాని పళ్ళతో పత్తిని దువ్వడం మొదలుపెట్టగానే ముందు వరుస ఫోన్లన్నీ లేచాయి. చేప పళ్ళతో పత్తి దువ్వుతారా అని ఒక అమ్మాయి గుసగుసగా అడుగుతోంది. దాలమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. దువ్విన పత్తిని ఏకుగా చుట్టి రాట్నం తిప్పింది. ఆమె ముందు స్టాండుకు మైకు పెట్టి ఉంది. రాట్నం చప్పుడు హాలంతా వినిపిస్తోంది.

పృథ్వీరాజ్ వేదిక ఎక్కాడు. నలభై దాటిన మనిషి. మెడ దగ్గర గుండీ లేని చొక్కా, మెత్తటి గొంతు.

"బట్ట కొనేవాళ్ళు ఇప్పుడు రంగు చూసి కొనడం లేదు, కథ చూసి కొంటున్నారు. ఎవరు నేశారు, ఎక్కడ నేశారు అని అడుగుతున్నారు. మా చీర అంచుకు చిన్న చీటీ ఉంటుంది. దాన్ని మీ ఫోనుతో స్కాన్ చేయండి. నేసిన మనిషే మీతో మాట్లాడతాడు."

వెనక తెర మీద కూర్మయ్య కనిపించాడు.

గడ్డం నున్నగా గీసి ఉంది. చెంపలు పూడాయి. ఎడమ కనుబొమ్మ మీది గాటు మాయమైంది. చిన్నప్పుడు మగ్గం గుంటలో పడి తగిలించుకున్న గాటు అది. తెర మీద కూర్మయ్య చేతులు జోడించాడు.

"నమస్కారం. నా పేరు కూర్మయ్య. శతాబ్దాల వారసత్వాన్ని నా చేతులతో మీకు అందిస్తున్నాను. మీరు ధరించే ప్రతి పోగులోనూ మా గ్రామపు ఆత్మ ఉంది."

విశాలి వేదిక పక్కనున్న పరదా చాటున నిలబడి వింటోంది. ఈ వీడియో తయారవుతున్నప్పుడు పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉంది. మూడేళ్ళ కిందటి ఫొటో ఎవరికి గుర్తుంటుంది, ముఖం కొంచెం మార్చండి, ముసలాయన యాస జనానికి అర్థం కాదు, దాన్ని కడిగేయండి అని పృథ్వీరాజ్ చెప్పడం చెవులారా విన్నది. కడిగేశారు. ధరించడం అన్న మాట వాళ్ళ నాన్న జన్మలో వాడలేదు. కట్టుకోడం, తొడుక్కోడం అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు స్టూడియో బాత్రూములోకి వెళ్ళి చెవులు మూసుకుని కూర్చుంది. ఇప్పుడు మాత్రం చూపు తిప్పకుండా దాలమ్మ చేతినే చూస్తోంది.

రాట్నం ఆగింది.

"కూర్మయ్యేటి?" అంది దాలమ్మ. మైకులో ఆ మాట హాలు చివరిదాకా వెళ్ళింది. "కూర్మయ్య సచ్చిపోయి రెండేళ్ళయిపోనాది కదా. ఈయనెవులు?"

ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. వెనక గోడ దగ్గర నేతగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యాంకరమ్మాయి కాగితం చూసుకుంది. అందులో తర్వాతి అంశం స్పష్టంగా రాసి ఉంది: చీరను దాలమ్మగారి చేతికి ఇవ్వాలి, ఆమె స్పందన అడగాలి. ఆ అమ్మాయి కంగారులో కాగితాన్నే నమ్ముకుంది.

"అమ్మమ్మగారికి పాత రోజులు గుర్తొచ్చాయి. అమ్మమ్మా, ఈ చీర పట్టుకుని చూసి ఎలా ఉందో చెప్పండి."

పృథ్వీరాజ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. చీర అప్పటికే దాలమ్మ ఒళ్ళో పడింది.

ముసలమ్మ చీరను మెచ్చుకోలేదు, మడత కూడా విప్పలేదు. అంచు చివర వేలాడుతున్న ఒక పోగును లాగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలి విప్పింది. నాలుకతో తడిచేసి మళ్ళీ నలిపింది. ఇంకో పోగు లాగి అలాగే చేసింది.

"ఇది మిల్లు నూలు," అంది.

"అంటే అమ్మమ్మా..."

"అంటే మరలో తీసింది. మనిసి వొడికిన నూలు ఒకకాడ లావుంటాది, ఒకకాడ సన్నముంటాది. ఇది ఈ సివర్నించి ఆ సివరిదాక ఒక్కలాగుంది." చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. "గంజి వోసన ఇంకా పోనేదు. మొన్నే నేసినారు. కూర్మయ్య నేసినాడని సెప్తన్నారేటి?"

లక్ష్మీకామేశ్వరి లేచింది. సంచిలోంచి నూలు చూసే చిన్న భూతద్దం తీసి, వేదిక దగ్గరికి నడిచి, దాలమ్మ పక్కనే ఒంగి చీరను చూసింది. చాలాసేపు చూసి నిటారుగా నిలబడింది.

"పృథ్వీరాజ్‌గారూ, నూలు సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి. తెర మీద మాట్లాడిన మనిషి బతికున్నాడా?"

"అది ఒక విధంగా నివాళి మేడమ్. ఇప్పుడున్న టెక్నాలజీతో..."

"నివాళి అని చీటీ మీద రాశారా?"

ఆవిడ చీరను జాగ్రత్తగా మడతపెట్టి దాలమ్మ ఒళ్ళో పెట్టింది. ఆ మడతపెట్టడంలోనే బేరం ముగిసిపోయిందని హాల్లో అందరికీ అర్థమైంది.

అప్పుడు విశాలి పరదా చాటు నుంచి వేదిక మీదకు వచ్చింది. ఈ ఘడియ కోసం ఎనిమిది నెలలు అతని కాఫీ కప్పు పక్కన కూర్చుంది. అతను మెచ్చుకున్నప్పుడల్లా తలవంచి థాంక్స్ చెప్పింది. మైకు తీసుకుని ఫోనులో ఉన్నది చదివింది.

"'చేనేత పేరు చెప్పి మిల్లు నూలు అమ్మినవాణ్ణి ఎవరూ క్షమించకండి. ఇతని ముఖం గుర్తుపెట్టుకోండి.' మూడేళ్ళ కిందట ఈయన కూర్మయ్య ఫొటో పెట్టి రాసిన మాటలివి. కూర్మయ్య మా నాన్న. ఈయన చెప్పినట్టే నేను కూడా ముఖం గుర్తుపెట్టుకున్నాను. క్షమించను."

చెప్పి పృథ్వీరాజ్ వైపు తిరిగింది. అతని ముఖంలో ముందు అయోమయం, తర్వాత లెక్కలేసుకోవడం, చివరకు భయం వచ్చాయి. ఒక్కొక్కటీ తాపీగా చూసింది. దాహం వేసినవాళ్ళు నీళ్ళు తాగినట్టు చూసింది. కుర్చీలు కదులుతున్నాయి. ఫోన్లన్నీ అతని మీదికి తిరిగాయి. వెనక గోడ దగ్గర ఒక పెద్ద నేతగాడు కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కూర్మయ్యకు మొట్టమొదట నూలు ఆపింది ఆయనే. ఆయన తుడుచుకోవడం కూడా విశాలి చూసింది. జాలి కలగలేదు.

ఐదు నిమిషాల తర్వాత వేదిక వెనక మోడల్స్ ముస్తాబయ్యే గదిలో ఇద్దరే ఉన్నారు. అద్దాల చుట్టూ బల్బులు వెలుగుతున్నాయి. పృథ్వీరాజ్ తలుపు వేసి కుర్చీలో కూర్చున్నాడు. బయట అరుపులు లీలగా వినిపిస్తున్నాయి.

"ఎనిమిది నెలలు నా అన్నం తిన్నావు," అన్నాడు.

"జీతం తీసుకున్నాను. పని చేశాను."

"ఏం కావాలి నీకు?"

"బయటికెళ్ళి, ఆ కెమెరాల ముందు నిలబడి చెప్పండి. కూర్మయ్య మిల్లు నూలు కలపలేదు, నేనే అబద్ధం రాశాను అని. మా ఊరివాళ్ళు వినేట్టు చెప్పండి. పేరు పెట్టి."

"చెబితే?"

"చెప్పినా మిమ్మల్ని వదలను. కానీ ముందు అది చెప్పాలి."

పృథ్వీరాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనిలో భయం తగ్గింది. దాని స్థానంలో వచ్చింది కోపం కాదు, అలసట లాంటిది. అది విశాలికి నచ్చలేదు.

"ఈ చీరల విషయంలో నేను తప్పు చేశాను. ఒప్పుకుంటాను. మీ నాన్న ముఖం వాడుకోవడం కూడా తప్పే. కానీ మూడేళ్ళ కిందటిది నేను కల్పించలేదు."

"ఇంకో అబద్ధం."

"తెర మీద ఆయన గొంతు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావు? ఆ మెషిన్‌కు నిజమైన గొంతు కొంత ఇవ్వాలి. అప్పట్లో నేను ఫోను చేసి అడిగినప్పుడు రికార్డయింది ఒక్కటే నా దగ్గరుంది."

ఫోను తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు.

ముందు మగ్గం చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. ఒక కోడి అరిచింది. వెనకెక్కడో ఒక ఆడమనిషి దాన్ని అదిలిస్తోంది. ఆ గొంతు తన తల్లి సుభద్రమ్మది. తర్వాత దగ్గు, గొంతు సవరించుకోవడం, మాట.

"మిల్లు నూలు కలిసిన మాట నిజిమే బావు. తప్పు నాదేనని రాసీసుకోండి. నా పేరే ఎట్టండి. ఇంకెవుల్నీ అడక్కండి. మా ఊరికి రాకండి, నా పిల్లకి సెప్పకండి. అంతే నానడిగీది."

పృథ్వీరాజ్ ఫోను ఆపాడు.

"ఆయన పేరే పెట్టమన్నాడు. పెట్టాను. ఫొటో కూడా పెట్టాను, అది నా కోపం. దానికి నన్ను ఏమైనా అను. అబద్ధం రాశానని మాత్రం అనకు."

"ఇది కూడా మీరు తయారుచేసిందే," అంది విశాలి. "చనిపోయినవాడి చేత నమస్కారం పెట్టించినవాళ్ళు, ఇది చేయించలేరా? కోడి అరుపుకేముంది, దగ్గుకేముంది."

"కాదే అమ్మీ. అది మీ అయ్యే."

తలుపు దగ్గర దాలమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు తెరుచుకుని వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. తలుపు మళ్ళీ మెల్లగా మూసి, గోడ పట్టుకుని రెండడుగులు వేసింది.

"పెద్దమ్మా, నువ్వెల్లి కారులో కూకో. నానొస్తన్నాను."

"బయట అందరూ నన్ను అడుగుతన్నారు. కూర్మయ్య మంచోడా అని అడుగుతన్నారు. మంచోడే అన్నాను. నీ మాట కూడా ఇన్నాను. కలపనేదని సెప్పమంటన్నావు ఈ బావుని."

"కలపలేదు కదా. నువ్వే సెప్పు."

దాలమ్మ అద్దంలో తన ముఖం చూసుకుని చూపు తిప్పుకుంది. ముస్తాబు సామాన్ల పక్కనున్న కుర్చీ మీద కూర్చోబోయి మానేసి, నిలబడే చెప్పింది.

"ఆ యేడు నా కళ్ళకి పొరలు కమ్మీసినాయి. ఆపరేసను అప్పుటికి అవనేదు. పోగు అగుపడీది కాదు. సేతిలో ఏకుందో లేదో తెలిసీది కాదు. వొడకడం మానీసినానంటే వొడికీవోళ్ళ లెక్కలోంచి నా పేరు కొట్టీస్తారు. డెబ్బయ్యేళ్ళొచ్చినాక నాకు ఇంకేటుంది సెప్పు, ఆ రాట్నం తప్ప. ఎవులికీ సెప్పనేదు. బజార్లో మిల్లు నూలు కొని, నాను వొడికినానని మీ అయ్య సేతిలో ఎట్టినాను."

విశాలి ఆమెనే చూస్తోంది.

"మగ్గం మీద ఎక్కించగానే ఆడు కనిపెట్టీసినాడు. కనిపెట్టడేటి, ఆడు కూర్మయ్య. మా ఇంటికొచ్చి అరుగు మీద కూకున్నాడు. నూలు సంగతి ఎత్తుతాడని సూసినాను. ఎత్తనేదు. కళ్ళు ఎలగున్నాయప్పా అన్నాడు, తోబుట్టువునడిగినట్టు. మంచినీళ్ళు తాగి ఎలిపోనాడు. మర్నాడు మగ్గం ఆడింది. నేసీసినాడు. ఈ బావు పరువు తీసినప్పుడు కూడా నా పేరు ఎత్తనేదు. ఊరంతా ఆణ్ణి కాదంటే నాను నోరు మూసుకున్నాను. ఆడు మంచం పట్టినాడు, నాను నోరు మూసుకున్నాను. ఆణ్ణి పాడె ఎక్కించినారు, అప్పుడూ అంతే."

గదిలో అద్దాల బల్బులు సన్నగా గుంయ్‌మంటున్నాయి. విశాలి రెండేళ్ళుగా మోస్తున్న పగకు ఇప్పటిదాకా ఒకే ముఖం ఉండేది. ఇప్పుడు ఆ ముఖం పక్కన ఇంకొకటి వచ్చి నిలబడింది. చిన్నప్పుడు తనకు జడ వేసిన ముఖం, నాన్న పోయిన రోజున తల్లి పక్కన కూర్చుని అందరికన్నా గట్టిగా ఏడ్చిన ముఖం. ఆ ఏడుపుకు అర్థం ఇప్పుడు తెలిసింది.

"ఈ మాట ఇంకెవరికి తెలుసు?"

"మీ అమ్మకి తెల్సు," అంది దాలమ్మ. "మీ అయ్య నోరిప్పొద్దని ఒట్టెట్టించుకున్నాడంట."

బయటి నుంచి ఎవరో తలుపు మీద కొట్టారు. ఛానలువాళ్ళ గొంతు. దాలమ్మగారిని ఒక్కసారి పంపండి, లైవ్‌లో ఉన్నాం, ఆమె మాట కోసం జనం చూస్తున్నారు అంటున్నారు.

పృథ్వీరాజ్ కుర్చీలోంచి లేచాడు. వేదిక దిగాక మొదటిసారి అతని ముఖంలో ప్రాణం వచ్చింది.

"పదండి దాలమ్మగారూ," అన్నాడు. "ఇందాక చీర గురించి నిజం చెప్పారు. అది జనం నమ్మారు. ఇది కూడా అదే మైకులో చెప్పండి."

"ఎల్తాను బావు. అందుకే లోనికొచ్చినాను, ముందు ఈ పిల్లకి సెప్పి ఎల్దామని." దాలమ్మ కొంగు భుజం మీదుగా సర్దుకుంది. "సెప్పకుండా సచ్చిపోతానేమోనని బయిమేసీది."

ఆమె చెబితే కూర్మయ్య తెలిసే మిల్లు నూలు నేశాడని బయటపడుతుంది, పృథ్వీరాజ్ మళ్ళీ లేస్తాడు. పొందూరులో దాలమ్మ గడప ఎవరూ తొక్కరు. చెప్పకపోతే, ఇవాళ హాల్లో కన్నీళ్ళు తుడుచుకున్న వాళ్ళందరూ కూర్మయ్యను నిర్దోషి అని నమ్మి ఇళ్ళకు వెళతారు. విశాలికి ఎనిమిది నెలలుగా కావలసింది అదే.

పృథ్వీరాజ్ తలుపు వైపు అడుగు వేశాడు. విశాలి అతనికన్నా ముందు వెళ్ళి గడియ పెట్టి, తలుపుకు వీపు ఆన్చి నిలబడింది.

"అడ్డులే గుంటా," అంది దాలమ్మ.

విశాలి కదల్లేదు.

"మీ అయ్య కూడా ఇలగే అడ్డంగా నిలబడిపోనాడు," అంది ముసలమ్మ, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "ఏటయిందో సూసినావు కదా. తియ్యి."